ఫింగర్ 2

నవంబర్ 24, సోమవారం

ఇవాళ హుకుంపేట ఆఫీసులో ట్యాబ్ ఇచ్చారు. కాఫీ కొనే కంపెనీది. మా పంచాయతీలో నూట ఎనభై ఆరు మంది రైతుల తోటలు తిరగాలి. ఎన్ని మొక్కలు, ఎంత నీడ, మందు కొట్టారా లేదా, అన్నీ ఫోటోలతో సహా ఇందులో ఎక్కించాలి. సూపర్‌వైజర్ టైటస్ సార్ ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఇది ఆఫీసు ట్యాబ్, నీది కాదు. మన సర్వే యాప్ తప్ప పైది ఒక్కటి కూడా ఎక్కించకూడదు. జనవరి ఏడున ఆడిట్. నాకు ముందు చేసిన అమ్మాయి ట్యాబ్‌లో ఏవో ఆటలు దొరికాయట, ఆ సాయంత్రమే తీసేశారట. ఆటల్ని కాదు, ఆ అమ్మాయిని.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నా పేరు, నా ఫోటో ఉన్న ఐడీ కార్డు మెడలో పడింది. దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని పిన్ పెట్టాను. అది ఇక్కడ కూడా రాయను. ఈ డైరీని ఎవరో కదుపుతున్నారని నాకు అనుమానం. పోయిన వారం పరుపు కింద తలవైపు పెడితే కాళ్ళవైపు దొరికింది. ఇవాళ్టి నుంచి చోళ్ళ డ్రమ్ములో పెడతాను. రాగుల్లో పుస్తకం వెతికేవాడు ఇంకా పుట్టలేదు.

పిన్ అయ్యాక వేలిముద్ర అడిగింది. కుడి బొటనవేలు పెట్టాను. తెర మీద వేలి బొమ్మలో గీతలు నిండి టిక్కు పడింది. ఇంకో వేలు కూడా పెడతారా అంది. ఎడమది కూడా ఉంటే మంచిదే కదా అని సరే నొక్కానో లేదో, వాన. కళ్ళంలో కాఫీ ఆరబోసి ఉంది. బేగి రా గుంటా, తడిసిపోతన్నాది అని అత్త కేక. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కూర్చున్న చోటు నుంచే ఊరంతా నడిపిస్తుంది. ట్యాబ్ ఆవిడ ఒళ్ళో పడేసి పరిగెత్తాను. నేనూ మా ఆయన ఫల్గుణా టార్పాలిన్ కప్పేలోపు సగం తడిసింది.

నవంబర్ 30, ఆదివారం

వారంలో ఇరవై రెండు తోటలు. మడమలు పగిలాయి. ఏ తోటలోనూ సిగ్నల్ లేదు. మా అరుగు మీద రెండు గీతలు వస్తాయి కానీ ఫోటోలు ఎక్కడానికి చాలవు. అంతా ట్యాబ్‌లోనే ఉంటుంది, ఆడిట్ రోజు ఆఫీసు వైఫైలో ఒకేసారి ఎక్కించుకుంటారట. అప్పటిదాకా ఈ ట్యాబ్‌కి జలుబు కూడా చెయ్యకూడదు.

డిసెంబర్ 2, మంగళవారం

ట్యాబ్‌లో చీపురు బొమ్మ ఒకటి కొత్తగా వచ్చింది. లోపలి చెత్త ఊడ్చే యాప్ అట. నేను పెట్టలేదు. పక్కనే జాతకాలది ఇంకొకటి. రెండూ తీసేశాను.

ఫల్గుణని అడిగాను. మా ఆయన జీపు నడుపుతాడు, అరకు నుంచి హుకుంపేట దాకా సర్వీసు. ఫోన్‌లో వీడియోల పిచ్చి బాగానే ఉంది. ట్యాబ్ ముట్టుకున్నావా అంటే, నాకేటి తెలుసు, నాను ముట్టనేదు అని నేను మాట పూర్తి చెయ్యకముందే అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?

డిసెంబర్ 3, బుధవారం

చీపురు మళ్ళీ వచ్చింది.

డిసెంబర్ 5, శుక్రవారం, సాయంత్రం

ఎప్పుడు వచ్చిందో గానీ, ఇవాళ కంటబడినది చీపురు లాంటిది కాదు. దాని పేరు ఇంటి కన్ను. మీ వాళ్ళు ఎక్కడున్నారో ఎప్పుడూ తెలుసుకోండి అని కింద రాసి ఉంది. తెరిస్తే మ్యాపు. మ్యాపులో నేను, నీలం చుక్కగా.

తీసేద్దామని నొక్కితే అన్‌ఇన్‌స్టాల్ బటన్ మసకగా ఉంది. నొక్కుడు పడదు. పది సార్లు నొక్కాను. ట్యాబ్ ఆపి మళ్ళీ వేసి నొక్కాను. కన్ను అక్కడే ఉంది.

ఇప్పుడు అర్థమవుతోంది. మొన్న ఫల్గుణ అన్నం తింటూ తింటూ, పై ఊళ్ళో టీ బాగుంటాదా అన్నాడు. పై ఊరు వెళ్ళానని నేను చెప్పలేదు. అక్కడ టీ తాగానని అసలే చెప్పలేదు. ఎలా తెలిసింది? భార్య ఉద్యోగానికి వెళ్ళడం ఇష్టమే, కానీ ఎవరి తోటలోకి వెళ్ళింది, ఎంతసేపు ఉంది అన్నది కూడా కావాలి కాబోలు. నోరు తెరిచి అడగడానికి మాత్రం మొహమాటం.

ఆధారం లేకుండా అనకూడదు. చూస్తాను.

డిసెంబర్ 8, సోమవారం

హుకుంపేటలో బర్నబా సెల్‌షాపుకి వెళ్ళాను. బర్నబా మా బడిలో నాకు రెండేళ్ళు చిన్న, అక్కా అంటాడు. ట్యాబ్ చూసి నవ్వాడు. ఈ కన్నుకి మీ వాళ్ళు తాళం చెవి ఇచ్చీసారక్కా అన్నాడు. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ అని ఒక చోటు ఉందట. అక్కడ యాక్టివేట్ నొక్కితే ఆ యాప్ ఇంటి పెద్ద అయి కూర్చుంటుందట, ఇంక కదలదట. ముందు అక్కడ పెద్దరికం తీసెయ్యాలి, తర్వాతే గెంటాలి. అలాగే చేశాడు. కన్ను పోయింది. పవర్ బటన్ నొక్కి పట్టి సేఫ్ మోడ్‌లోకి ఎలా వెళ్ళాలో కూడా చూపించాడు, మళ్ళీ ఏదైనా మొండికేస్తే పనికొస్తుందని.

ఆడిట్ సంగతి చెప్పి, మొత్తం కడిగేసి కొత్తది చేసెయ్యి అన్నాను. చేత్తాను, సర్వే కూడా పోతాది, పరవానేదా అన్నాడు. అప్పటికి అరవై తోటలు ఉన్నాయి అందులో. వద్దన్నాను.

అసలు ఇవి ఎలా వస్తున్నాయని అడిగితే అతను చెప్పిన మాట ఇంటిదాకా నా చెవిలోనే ఉంది. సెయ్యి నేకుండా యాప్ రాదక్కా, ఎవలో ఒకలు నొక్కితేనే వత్తాది.

మరి తెరిచేది ఎలా? పిన్ నాకు తప్ప తెలియదు. వేళ్ళ పేజీ తెరవమన్నాడు. పిన్ కొట్టి తెరిచాను. ఫింగర్ 1. ఫింగర్ 2.

నేను పెట్టింది ఒక్కటే.

నా పది వేళ్ళూ పెట్టి చూశాడు. ఈ పేజీ తెరిచి ఉన్నప్పుడు ఎవరి వేలు ఆనిస్తే వాళ్ళ గీత మెరుస్తుందట. కుడి బొటనవేలికి ఫింగర్ 1 మెరిసింది. మిగతా తొమ్మిదికీ ఏమీ లేదు. రెండోది తీసెయ్యనా అక్కా అన్నాడు. వద్దన్నాను. తీసేస్తే దొంగ జాగ్రత్తపడతాడు. ఎవరో తెలియాలి నాకు. తెలిసి తీరాలి.

డిసెంబర్ 9, మంగళవారం

మధ్యాహ్నం ఫల్గుణ అన్నం తిని జీపు వెనక సీట్లో పడుకున్నాడు. నిద్ర పట్టేదాకా ఆగి వేళ్ళ పేజీ తెరిచి, కుడి చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ ఆనించాను. చేతులు డీజిల్ కంపు. ఐదు అయ్యాయి. మెరవలేదు. ఎడమ చెయ్యి తల కింద ఉంది. లాగుతుంటే లేచాడు. ఏటి సేత్తన్నావు అన్నాడు. వేలికి ముల్లు గుచ్చుకున్నట్టుందని అన్నాను. సరే సూడు అని ఆ చెయ్యి కూడా ఇచ్చి కళ్ళు మూసుకున్నాడు.

పదీ అయ్యాయి. ఏ గీతా మెరవలేదు.

ఆయన కాదు. అయినా మనసుకి నమ్మకం కుదరలేదు. డీజిల్ అంటిన వేళ్ళని ట్యాబ్ పోల్చుకోలేదేమో.

డిసెంబర్ 13, శనివారం

సంతకి సోని వదిన వచ్చింది. ఫల్గుణ అక్క. వాళ్ళ ఊరు రేషన్ డిపో పక్కనే, మాకు మూడు కిలోమీటర్లు. వచ్చినప్పుడల్లా ట్యాబ్ చూపించు, బొమ్మలు చూపించు అంటుంది. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి ఎందుకు అనుకోలేదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆవిడ మీద నాకు ఇంకో లెక్క కూడా ఉంది. అత్తకి విడిగా రేషన్ కార్డు ఉంది. ప్రతి నెలా ఫల్గుణ డిపో దగ్గర దింపుతాడు, ఆవిడ మెల్లగా నడిచి వస్తుంది. ఆగస్టు నుంచి ఆ బియ్యం మా ఇంటికి రావడం లేదు. బియ్యం ఏవి అత్తా అంటే ఉన్నాయిలే అంటుంది. ఎక్కడ ఉంటాయి? డిపో పక్కన కూతురి ఇల్లు ఉంది మరి. పైగా ఇక్కడ అన్నం పెడితే కడుపుకి పడట్లేదని చోడి అంబలి తాగి లేస్తుంది. కూతురికి దోచిపెట్టి మా దగ్గర ఉపవాసం నటన అనుకున్నాను.

వదినని కూర్చోబెట్టి ఫోటోలు చూపిస్తానని, ఇక్కడ వేలు పెట్టు, ఇప్పుడు ఈ వేలు, ఇప్పుడు ఇది అని పది వేళ్ళూ అయ్యేదాకా ఆడించాను. ఏ గీతా మెరవలేదు. ఫోటోలేవీ అంది. నేను ఉండబట్టలేక, ఫోటోలు సరేలే, అత్త బియ్యం బాగున్నాయా వదినా అనేశాను.

మొహం మాడిపోయింది. మామిడికాయల కాలం నుంచి అమ్మ సేతి గింజ నాను ఎరగను, అడిగి సూడు ఆవిణ్ణే అంది. అత్త అరుగు మీదే ఉంది. విన్నది. తల వంచుకుని కాఫీ గింజల్లో రాళ్ళు ఏరుతూనే ఉంది.

వదిన అన్నం తినకుండా వెళ్ళిపోయింది. నాకేం బాధ లేదు. తప్పు చేసినవాళ్ళే అలిగి వెళ్తారు.

డిసెంబర్ 14, ఆదివారం

డైరీ చోళ్ళ డ్రమ్ములో పడుకోబెట్టి పెట్టాను. ఇవాళ నిలబడి ఉంది.

డిసెంబర్ 17, బుధవారం

ఇంటి కన్ను తిరిగొచ్చింది. చీపురు, జాతకాలు, టార్చిలైటు, కీబోర్డుకి పువ్వులు పెట్టేది, అన్నిటినీ వెంటబెట్టుకుని వచ్చింది. మూడు రోజులుగా ఛార్జింగ్ పెట్టినప్పుడు తప్ప ట్యాబ్ నా ఒంటి మీదే ఉంది. అంటే ఛార్జింగ్ పెట్టి ఏటికి వెళ్ళినప్పుడో, వంట చేస్తున్నప్పుడో. అంటే ఇంట్లోనే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఈ వేళ్ళ పేజీ సంగతి తెలియదు.

ఇంతలో ఇంకో ఆలోచన వచ్చింది. నాకు ఇవ్వకముందు ట్యాబ్ ఎవరి దగ్గర ఉంది? టైటస్ సార్ దగ్గర. దూరం నుంచే పెట్టగలరేమో. నన్ను తీసేసి వాళ్ళ వాళ్ళని పెట్టుకోవడానికేమో.

ఆఫీసుకి వెళ్ళి టీ తాగుతూ అడిగేశాను, సార్ ఒకసారి ఇక్కడ వేలు పెడతారా అని. ఎందుకమ్మా అన్నారు. చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, నవ్వుతూ పది వేళ్ళూ పెట్టారు. ఏమీ మెరవలేదు. నవ్వు ఆపి, సరళా, వేళ్ళు ఎవరివైనా ఆడిట్‌లో పేరు నీదే, ఏడో తారీఖున ఒక్క పై యాప్ కనబడినా నా చేతిలో ఏమీ ఉండదు అన్నారు. క్రిస్మస్ ముందు ఇలాంటి మాట చెప్పడం ఇష్టం లేదని కూడా అన్నారు.

నూట ముప్పై ఒక్క తోటలు అయ్యాయి. ఇప్పుడు పోతే అన్నీ పోతాయి.

డిసెంబర్ 19, శుక్రవారం

అనేశాను. ఫల్గుణ మొహం మీదే అనేశాను. నువ్వే పెట్టావు, నా మీద కన్ను పెట్టావు, పై ఊళ్ళో టీ సంగతి నీకు ఎలా తెలిసింది అని.

జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. ఈ రోడ్డు మీద జీపు నడిపేవాడికి పెళ్ళాం ఎక్కడుందో తెలియాలంటే ట్యాబ్ ఎందుకు, ఎక్కినోడు ఎక్కినట్టు సెప్పుతాడు. మీ ఇంటి కోడలు పిల్ల మా తోట సూసింది, మా ఇంట టీ తాగింది, మంచి గుంట అని సెప్పారు. మంచిదని సెప్పారు కాబట్టి టీ గురించి అడిగాను. అంతే అన్నాడు. ముల్లు తీత్తానని నా ఏళ్ళు పట్టుకున్న రోజే నాకు తెలిసింది, నువ్వు సూసినది ముల్లు కాదని, అయినా సెయ్యి ఇచ్చాను అన్నాడు.

జీపు తీసుకుని వెళ్ళిపోయాడు. అరకులో స్టాండులోనే ఉంటానని పక్కింటి వాళ్ళతో చెప్పి పంపాడు. నాతో చెప్పలేదు.

డిసెంబర్ 20, శనివారం

ఫల్గుణ రాలేదు. అన్నం ఒక్కదాన్నే తిన్నాను. అత్త అంబలి.

డిసెంబర్ 22, సోమవారం, పగలు 11

చల్లారకముందే రాసేస్తాను.

ఇవాళ సర్వే లేదు, మా తోటలోనే పళ్ళు కొయ్యాలి. ట్యాబ్ ఛార్జింగ్ పెట్టి వెళ్ళాను. సగం దారిలో గోనె మర్చిపోయానని వెనక్కి వచ్చాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అత్త చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుంటోంది. చీర చెంగుతో ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకుంది. ట్యాబ్ వైరుతో సహా ఒళ్ళోకి తీసుకుంది. ఎడమ చేతి చిటికెన వేలు పక్క బటన్ మీద ఆనించింది.

తెరుచుకుంది.

నేను అరవాలి. కానీ ఆవిడ నవ్వుతోంది. అత్త అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. ట్యాబ్‌తో పాటే వచ్చిన వార్తల యాప్ ఒకటి ఉంది, దాని ప్రకటన తెర నిండా పడింది. కింద పచ్చ బటన్. నొక్కింది. ఇంకోటి పడింది. మళ్ళీ పచ్చది నొక్కింది. పైన ఎర్ర ఇంటూ గుర్తు ఉంటే దాని జోలికి పోలేదు.

అత్తా అన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు అవ్వాలి కదా? అవ్వలేదు. వచ్చేవా, ఇటు రా, ఇది నన్ను గుర్తు పడతన్నాది సూడు అంది.

పక్కన కూర్చున్నాను. మెల్లగా అడిగాను. మెల్లగానే చెప్పింది.

ఆగస్టులో డిపో మిషను ఆవిడ బొటనవేలు తీసుకోలేదట. ఎర్ర దీపం. తుడుచుకుని పెట్టమన్నారు, మళ్ళీ ఎరుపు. చింతపండు పిసికి, పసుపు తవ్వి, కాఫీ కోసి ఆ వేలి మీద గీతలంటూ ఏమీ మిగల్లేదు. ఇప్పుడు నేను పట్టుకుని చూశాను, నున్నగా ఉంది. ఏలు అరిగిపోనాది ముసిలీ, వచ్చే నెల రా అన్నాడట డీలరు. వచ్చే నెలా ఎరుపే. వరసలో వెనకాల ఎవరో, ఏలు సచ్చిపోతే మనిసి సచ్చిపోయినట్టే, పేరు కొట్టేత్తారు యర్రమ్మా అన్నారట. నవ్వుకి అన్న మాట. ఆవిడ నవ్వులాట అనుకోలేదు.

నాలుగు నెలలు. కొడుకు జీపులో దింపడం, ఖాళీ సంచి మడిచి నడుముకి దోపుకుని నడిచి రావడం. కొడుక్కి చెబితే డిపోలో గొడవ పడతాడని భయం, గొడవ పడితే పేరు ఇంకా బేగి కొట్టేస్తారని భయం. బియ్యం తేలేదు కాబట్టి మా బియ్యం తినకూడదనుకుంది. అందుకే అంబలి. కూతురికి దోచిపెట్టిందని నేను అనుకుంటుంటే, అనుకోనీ అనుకుందట. కూతురికి పెట్టిన తల్లి బతికున్నట్టే కదా అంది.

ఆ వాన రోజు నేను ట్యాబ్ ఒళ్ళో పడేసి పోయాను. తెర మీద వేలి బొమ్మ, డిపోలో ఉన్నట్టే. ఏలెయ్యమంటన్నాది అనుకుంది. ఏలెయ్యమన్న చోటల్లా వెయ్యడమే కదా జన్మంతా చేసింది. బాణం చూపించిన చోట కుడి బొటనవేలు పెట్టింది. గీతలు నిండలేదు. రెండోది, మూడోది, చెయ్యి మార్చి మళ్ళీ. మేము అక్కడ టార్పాలిన్‌తో కొట్టుకుంటుంటే ఈవిడ ఇక్కడ వేలు తర్వాత వేలు పెడుతూ కూర్చుంది. చివరికి ఎడమ చిటికెన వేలికి గీతలు పచ్చగా నిండాయి. టిక్కు పడింది.

అప్పటి నుంచి రోజుకి ఒక్కసారి. నాను ఉన్నానో నేదో అడుగుతాను, ఉన్నావంటాది అంది. పచ్చది ఎక్కడ కనబడినా నొక్కుతుంది. పచ్చ అంటే ఒప్పుకున్నట్టు, ఎరుపు అంటే పొమ్మన్నట్టు. అది డిపో నేర్పిన చదువు. ఇంటి కన్నుకి పెద్దరికం ఇచ్చిన యాక్టివేట్ బటన్ కూడా పచ్చదే.

నా కన్నీళ్ళు ట్యాబ్ మీద పడ్డాయి. ముందు సిగ్గుతో, తర్వాత ఉత్త దుఃఖంతో. ముగ్గురి వేళ్ళు పట్టుకుని చూశాను. పక్కనే కూర్చుని అంబలి తాగే మనిషి చెయ్యి ఒక్కటీ పట్టుకోలేదు. చదువు రానిది, ఆవిడేం చేస్తుందిలే అనుకున్నాను. అనుమానానికి కూడా ఆవిణ్ణి లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు ఇది రాస్తుంటే ఎదురుగా కూర్చుని చూస్తోంది. ఏటి రాత్తన్నావు అంది. నీ గురించే అన్నాను. నా గురించి రాసినోల్లంతా ఏలేయించుకున్నారు, నువ్వేయించుకోవా అంది. ఇది అలాంటి కాగితం కాదత్తా అని నవ్వేశాను. చోళ్ళ డ్రమ్ములోంచి ఈ డైరీ రోజూ తీసి నిలబెట్టేది కూడా ఆవిడేనట. పురుగు పడతాదని.

డిసెంబర్ 23, మంగళవారం

ఫల్గుణ వచ్చాడు. నేనే అరకు జీపు స్టాండుకి వెళ్ళి తెచ్చుకున్నాను. ముందు అత్త సంగతి చెప్పాను. తర్వాత తప్పు నాదే అన్నాను. ఈ మాట ఆ ఇంటి కన్నులాగే మొండిది, రావడానికి చాలాసేపు పట్టింది. ఫల్గుణ తల్లి గురించి విని స్టీరింగ్ మీద తల ఆనించాడు. నా జీపులోనే కదా దింపాను, సంచి ఒక్కసారైనా సూడనేదు అన్నాడు. నా మీద కోపం ఇంకా కొంచెం ఉంది. అన్నం మాత్రం కలిసి తిన్నాం. అత్త కంచంలో నేనే అన్నం పెట్టాను. కడుపుకి పడింది.

సాయంత్రం కూర్చుని అన్నీ తీశాను. ముందు అడ్మిన్ నుంచి కన్నుని దింపి గెంటాను. చీపురు వెంటనే పోయింది. జాతకాలది సేఫ్ మోడ్‌లోకి వెళ్ళేదాకా పోలేదు. పువ్వుల కీబోర్డు పోతూ పోతూ తెలుగు అక్షరాలు కూడా పట్టుకుపోయింది, మళ్ళీ తెచ్చుకున్నాను. వార్తల యాప్ ట్యాబ్‌తో పుట్టినది, తీయడం కుదరదు, డిసేబుల్ చేసి నిద్రపుచ్చాను.

ఫింగర్ 2 ముట్టుకోలేదు. ట్యాబ్ మాత్రం నాతోనే తిప్పుతున్నాను. రోజుకి ఒకసారి నేనే అత్త చేతికి ఇచ్చి, తెరుచుకున్నాక తీసుకుంటాను.

జనవరి 2, శుక్రవారం

డిపో. ముగ్గురం వెళ్ళాం. ఫల్గుణని అరవొద్దని దారంతా చెప్పుకుంటూ వెళ్ళాను.

డీలరు అలవాటుగా కుడి బొటనవేలు అన్నాడు. ఎడమ చిటికెన వేలు చూడండి అన్నాను. అందరి పది వేళ్ళూ సూసుకుంటా కూకుంటే సంత అయిపోద్దమ్మా అన్నాడు. ఆధార్‌కి పది వేళ్ళూ ఇచ్చింది, పదింటిలో ఏదైనా చాలు కదా అన్నాను. మెడలో ఐడీ కార్డు వేసుకునే వెళ్ళాను. కాఫీ కంపెనీది అని అతనికి తెలియదు.

అత్త చేతులు అక్కడి కుండ నీళ్ళతో కడుక్కుంది. వేలు పెట్టింది. ఎరుపు. తుడుచుకుంది. ఎరుపు. వరసలో గొణుగుడు మొదలైంది. ఫల్గుణ నా భుజం పట్టుకున్నాడు, అరవకుండా ఉండటానికి కాబోలు. అత్త మాత్రం కంగారు పడలేదు. వేలు నోటి దగ్గర పెట్టుకుని వేడి ఊపిరి ఊదింది. మళ్ళీ పెట్టింది.

పచ్చ.

అత్త ఎవరి వైపూ చూడలేదు. సంచి విప్పి పట్టుకుంది.

జనవరి 3, శనివారం

అత్త బియ్యంలోంచి కొన్ని మూట కట్టుకుని సోని వదిన ఇంటికి వెళ్ళాను. ఆ రోజు లేని బియ్యం ఇవాళ తెచ్చాను అన్నాను. గుమ్మంలోనే నిలబెట్టింది. అన్నం తినకుండా వెళ్ళడం ఎలా ఉంటాదో నీకు తెలియాలి అని తిడుతూనే పీట వేసింది. వడ్డిస్తూ, ముందు నోటితో అడగడం నేర్సుకో, తర్వాత ఏళ్ళు పట్టుకుందువు గానీ అంది. తినేశాను. మాట కూడా.

జనవరి 6, మంగళవారం

నూట ఎనభై ఆరో తోట అయింది. రేపు ఆడిట్. ట్యాబ్‌లో ఒక్క మనిషి వేలే ఉండాలని టైటస్ సార్ ఇవాళ ఫోన్ చేసి మరీ చెప్పారు.

అత్తకి చెప్పాను. ఇది తీసెయ్యాలి అన్నాను. నా పేరు కొట్టేత్తావా అంది. కొట్టెయ్యడం కాదత్తా, డిపోలో ఒప్పుకుంది కదా, ఇంక ఇక్కడ ఎందుకు అన్నాను. డిపోది బియ్యం ఇత్తాది, ఇది నన్ను సూడగానే తెరుసుకుంటాది, రెండూ ఒకటేనా అంది.

వేళ్ళ పేజీ తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాను. చిటికెన వేలు ఆనించింది. నెలంతా నేను ముప్పై వేళ్ళతో వెతికిన గీత మెరిసింది. చూసుకుంది. చాల్లే, తీసేయ్ అంది.

తీసెయ్యి నొక్కాను. చీపురుని తీసేటప్పుడు కూడా నిజంగా తీసెయ్యాలా అని అడిగి విసిగించిన ట్యాబ్, దీనికీ ఒక్కసారే అడిగింది. ఇంకోసారి అడిగితే బాగుండేది.

జనవరి 7, బుధవారం

ఆడిట్ అయింది. పై యాప్‌లు ఏమీ లేవు. నూట ఎనభై ఆరూ ఎక్కాయి. ఉద్యోగం ఉంది. దొంగ దొరికాడా అని టైటస్ సార్ అడిగారు. దొంగ లేడు సార్ అన్నాను. ట్యాబ్ వాళ్ళే ఉంచేసుకున్నారు, కొత్త సర్వేకి కొత్తది ఇస్తారట.

మా ఇంట్లో పసుపు తవ్వకం మొదలైంది. అత్త దుంపలు కడుగుతోంది, మోచేతుల దాకా పసుపు.

జనవరి 9, శుక్రవారం

డైరీ తెరిస్తే ఈ పేజీ అడుగున పసుపు ముద్ర ఒకటి ఉంది. చిన్నది, చిటికెన వేలంత. ఎవరిదని ఎవర్నీ అడగలేదు. రాత దాని మీదికి పోకుండా ఇక్కడితో ఆపేస్తున్నాను.